మన ఊరి బడిలో ఎందరున్నారు, ఎందరు చదవగలుగుతున్నారు

(విజయనగరం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో, పాఠశాల యాజమాన్య కమిటీల సభ్యులూ ఉపాధ్యాయులూ కలిసిన సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఉపాధ్యాయ మిత్రులకు, కమిటీ సభ్యులకు, ముఖ్యంగా ఒక పూట కూలి వదులుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్న తల్లులకు వందనాలు. మీరు వదులుకున్న కూలికి సరితూగే మాట ఒక్కటైనా చెప్పి వెళ్లాలని నా కోరిక. ఈ జిల్లా పల్లెల్లో ముప్పై రెండేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. అందులో సగానికి పైగా ఒక్క ఉపాధ్యాయుడే ఉన్న బడుల్లోనే గడిచింది. కాబట్టి చిన్న బడి కష్టం నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు.

బడి మాట వచ్చినప్పుడల్లా మొదట వినబడే ప్రశ్న ఒకటే: పిల్లలెంతమంది? తనిఖీకి వచ్చిన అధికారి అదే అడుగుతారు, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉపాధ్యాయుడు అదే అడుగుతాడు, పిల్లను ఎక్కడ చేర్చాలా అని ఆలోచిస్తున్న తల్లీ అదే అడుగుతుంది. ఆ ప్రశ్న తప్పు కాదు. అయితే అదొక్కటే అడిగి ఊరుకోవడం వల్ల చిన్న బడులు చిక్కిపోయాయని, దాని పక్కనే ‘వారిలో ఎంతమంది చదవగలుగుతున్నారు’ అన్న ప్రశ్నను ఊరివాళ్లే పిల్లల పేరుపేరునా అడగాలని చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

విజయనగరాన్ని విద్యల నగరమని చెప్పుకోవడం మనకు అలవాటు. 1857లో ఇక్కడ మహారాజావారి పాఠశాల వెలిసింది, 1879 నాటికి అది కళాశాల అయింది, దాని నుంచి గురజాడ అప్పారావుగారి వంటివారు వచ్చారు. ఆ గౌరవం మనదే. కానీ 2011 జనాభా లెక్కల్లో ఇదే జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. పక్కనున్న శ్రీకాకుళం జిల్లాది 61.74 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం. మన జిల్లాలో స్త్రీల అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు. అంటే కోట చుట్టూ నూటయాభై ఏళ్లుగా చదువు వెలుగుతూనే ఉన్నా, కోటకు పది పన్నెండు మైళ్ల దూరంలో ఆడపిల్ల పలక పట్టడానికి చాలాకాలం పట్టింది. ఇక్కడ కూర్చున్న తల్లుల్లో కొందరు ఆ లెక్కలో చదువు అందని సగానికి చెందినవారే. అందుకే తమ పిల్లల చదువు గురించి వారికున్న తహతహను నేను ఎన్నడూ తక్కువగా చూడలేదు.

1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మన జిల్లాకు వచ్చింది. పెద్దవాళ్లు దాన్ని డీపీఈపీ అనే గుర్తుపెట్టుకుని ఉంటారు. ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్ వచ్చింది. చెట్టు కిందా రామమందిరం అరుగు మీదా నడిచిన బడులకు గదులు వచ్చాయి, పేటపేటకూ బడి వచ్చింది, 2003 నుంచి మధ్యాహ్నం వేడి అన్నం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు ప్రతి బిడ్డకూ చదువును హక్కుగా చేసింది. ఇన్ని జరిగాక, గోడలకు రంగులు పడి, మరుగుదొడ్లు వచ్చి, తాగునీరు వచ్చి, తీరా చూస్తే గదుల్లో పిల్లలు పలచబడ్డారు. దీనికి కారణం ఉపాధ్యాయులు చెప్పకపోవడమేనని కొందరు, తల్లిదండ్రులకు ఇంగ్లీషు మోజు పట్టడమేనని మరికొందరు తేల్చేస్తున్నారు. రెండూ తొందరపాటు మాటలే.

మొదటి కారణం ఎవరి తప్పూ కాదు. పిల్లలు పుట్టడమే తగ్గింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒకే ఇంటి నుంచి ముగ్గురు, నలుగురు ఒకరి వెనుక ఒకరు బడికి వచ్చేవారు. అక్క చంకలో చెల్లి, ఆ చెల్లి చేతిలో పలక. ఇప్పుడు ఇంటికి ఇద్దరు, చాలా ఇళ్లలో ఒక్కరే. కాబట్టి ముప్పై ఏళ్ల కిందటి హాజరుపట్టీని ఇప్పటి హాజరుపట్టీ పక్కన పెట్టి ‘బడి పాడైపోయింది’ అనడం న్యాయం కాదు. ఊళ్లో ఐదేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలు మొత్తం ఎందరు, వారిలో మన బడికి వచ్చేవారు ఎందరు అన్నదే సరైన లెక్క. ఈ లెక్క వేయడానికి ఏ యాప్ అక్కరలేదు. అంగన్‌వాడీ టీచరమ్మను, ఆశా కార్యకర్తను కూర్చోబెట్టుకుంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది.

రెండో కారణం వలస. వరి కోతలు, నూర్పులు అయ్యాక, సంక్రాంతి చూసుకుని విజయవాడకో హైదరాబాదుకో భవన నిర్మాణ పనులకు వెళ్లే కుటుంబాలు మన మండలాల్లో ఎన్ని ఉన్నాయో నేను చెప్పనక్కరలేదు. అవ్వ ఉన్న ఇంట్లో పిల్లలు ఊళ్లోనే ఆగుతారు. అవ్వ లేకపోతే తల్లి వెంట వెళ్లిపోతారు. జనవరిలో వెళ్లిన పిల్ల జూన్‌లో తిరిగి వస్తుంది. హాజరుపట్టీలో ఆ పిల్ల పేరు పన్నెండు నెలలూ ఉంటుంది, చదువు మాత్రం ఆరేడు నెలలే ఉంటుంది. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టల్ నడిపే ఏర్పాటు, సర్వశిక్షా అభియాన్ స్థానంలో వచ్చిన సమగ్ర శిక్ష పథకంలో ఉంది. దాన్ని అడిగి తెచ్చుకోవలసింది మనమే. అడగాలంటే ముందు ఎంతమంది వెళుతున్నారో పేర్లతో చెప్పగలగాలి.

మూడోది ప్రైవేటు బడి, మన వాడుకలో కాన్వెంటు. తెల్లవారి ఎనిమిది కాకముందే పసుపుపచ్చ వ్యాను ఊరి మొగకు వస్తుంది. ప్రభుత్వం తల్లుల ఖాతాలో వేసే డబ్బు, 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి కానివ్వండి, 2025లో వచ్చిన తల్లికి వందనం కానివ్వండి, పిల్ల ఏ బడిలో ఉన్నా వస్తుంది. ఆ సొమ్ము పేద తల్లికి చాలా అవసరం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఫీజు కట్టలేక ఆగిపోయిన కుటుంబాలకు అది వ్యాను మెట్టు ఎక్కించే ఊతం కూడా అయిందన్నది నేను కళ్లారా చూసిన విషయం.

ఒక తల్లి మాట మీకు చెప్పాలి. ఆమె పెద్ద కూతురు మా బడిలో ఐదో తరగతి చదివి వెళ్లింది. చిన్నవాణ్ణి మాత్రం కాన్వెంటులో వేసింది. ఎందుకమ్మా అని అడిగాను. ఆమె తల వంచుకోలేదు, నా ముఖం చూసే చెప్పింది. “మేస్టారూ, మీరు మంచోరే. ఐతే ఒక్కరే గదా. ఐదు తరగతులకి మీరొక్కరే ఏటి సెప్తారు? మీరు మీటింగుకెల్తే ఆ రోజు గుంటలు ఆడుకుని వచ్చేస్తన్నారు.” ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమెది మోజు కాదు, లెక్క. నేను ఆ రాత్రి కాగితం మీద వేసి చూసుకున్న లెక్క కూడా అదే చెప్పింది.

ఆ లెక్క మీరూ వినండి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం, అంటే తరగతికి మూడు పాఠాలు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానంతో కలిపి నాలుగేసి. మొత్తం రోజుకు పద్దెనిమిది పాఠాలు. ప్రార్థన, విరామాలు, భోజనం పోగా ఐదు గంటలు చేతికొస్తాయనుకుంటే, ఒక్కో పాఠానికి దక్కేది పదిహేడు నిమిషాల లోపే. ఆ పదిహేడు నిమిషాల్లో మిగతా నాలుగు తరగతులూ ఏదో ఒకటి రాసుకుంటూ కూర్చోవాలి. అందులోంచి భోజనం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో, హాజరు నమోదు, వంట ఏజెన్సీ బియ్యం లెక్క తీసేయండి. ఇక ఒకటో తరగతి పిల్ల వేలు పట్టుకుని ‘అ’ దిద్దించే సమయం ఎక్కడుంది? ఆ పిల్లకు ఎప్పుడైనా కావలసింది ఆ చేతి సాయమే.

ఇక్కడే ఉంది అసలు ముడి. పిల్లల సంఖ్యను బట్టి ఉపాధ్యాయులను ఇస్తారు. పిల్లలు తగ్గితే ఉపాధ్యాయుడు తగ్గుతాడు. ఉపాధ్యాయుడు తగ్గితే తల్లి నమ్మకం తగ్గుతుంది. నమ్మకం తగ్గితే మళ్లీ పిల్లలు తగ్గుతారు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం అరవైమంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. అయినా పదిహేను, ఇరవైమంది ఉన్న బడులు ఒకే ఉపాధ్యాయుడితో నడవడం మనందరం చూస్తున్నదే. దీనిపైన 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో ప్రకారం కిలోమీటరు లోపు ఉన్నత పాఠశాల ఉన్నచోట మూడు, నాలుగు, ఐదు తరగతులను అక్కడికి తరలించారు. సబ్జెక్టు ఉపాధ్యాయులు దొరుకుతారన్నది దాని ఉద్దేశం. దొరికినచోట మేలు జరిగి ఉండవచ్చు. కానీ ఎనిమిదేళ్ల పిల్ల పెద్ద రోడ్డు దాటి వెళ్లాలంటే తల్లి భయపడింది, ఎలాగూ దూరం పంపాలి కదా అని వ్యాను ఎక్కించింది. 2025లో ఆ జీవోను ఉపసంహరించి, తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పాటు చేశారు. తరగతికొక ఉపాధ్యాయుడన్నది నేను ఉద్యోగమంతా ఎదురుచూసిన మాట. అయితే ఆదర్శ పాఠశాల పక్క ఊరికి వస్తే, ఈ ఊళ్లో మిగిలిన చిన్న బడి సంగతి ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంది. ఉపాధ్యాయ నియామకాలు చూస్తే, 2018 నోటిఫికేషన్ తర్వాత పూర్తిస్థాయి డీఎస్సీ 2025లో, 16,347 పోస్టులతో వచ్చింది. ఆ 2018లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఇప్పుడు ప్రాథమిక పాఠశాల దాటిపోయారు.

ఇప్పుడు చదువు సంగతికి వస్తాను. ప్రథమ్ సంస్థ దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో చేసే విద్యాస్థితి సర్వే ఉంది. అందరూ దాన్ని అసర్ అంటారు. ఆ సర్వేలో నాకు నచ్చే గుణం ఏమిటంటే, పిల్లల చదువు చూడటానికి వాళ్లు బడికి కాదు, ఇంటికి వెళతారు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఉంటాయి. చదవమంటారు. అంతే. 2024 సర్వేలో దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో ఆ రెండో తరగతి కథను చదవగలిగినవారు 23.4 శాతం. కరోనా సెలవుల తర్వాత 2022లో అది 16.3 శాతం. కోలుకున్నాం, కానీ కోలుకున్నాక కూడా నలుగురిలో ఒక్కరు. ప్రైవేటు బడుల్లో పరిస్థితి దీనికంటే కొంత మెరుగు, అయినా అక్కడా సగానికి మించి చదవలేకపోయారు. వ్యాను ఎక్కినంత మాత్రాన చదువు రాదని తల్లులు దీన్ని బట్టి గ్రహించవచ్చు.

అదే సర్వే చేరికల గురించీ ఒక మాట చెబుతుంది. దేశం మొత్తం మీద పల్లెల్లో, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవారు 2018లో 65.6 శాతం, 2022లో 72.9 శాతం, 2024లో 66.8 శాతం. కరోనా కాలంలో ఆదాయాలు పడిపోయి, చిన్న ప్రైవేటు బడులు మూతబడి, పిల్లలు మన బడులకు తిరిగి వచ్చారు. మన ఇంటికి వచ్చిన పిల్లలను మనం నిలుపుకోలేకపోయాం. ఈ మాట చెప్పడానికి నాకు బాధగా ఉంది, కానీ చెప్పక తప్పదు.

ఈ సర్వేలు జిల్లాకు ముప్పై ఊళ్లను, ఊరికి ఇరవై ఇళ్లను చూస్తాయి. మీ ఊరి సంగతి అవి చెప్పలేవు. పైగా చిన్న బడిలో శాతాలు మోసం చేస్తాయి. మూడో తరగతిలో నలుగురే ఉన్నచోట ఒక్క పిల్ల చదవడం మొదలుపెడితే ఫలితం ఇరవై అయిదు శాతం పెరిగినట్టు, ఒక్క కుటుంబం వలస పోతే అంతా కూలిపోయినట్టు కనబడుతుంది. అంత చిన్న బడికి శాతాల పట్టిక ఎందుకు? నలుగురి పేర్లు రాసుకుంటే చాలు. ఎవరికి అక్షరాలు వచ్చాయి, ఎవరు గుణింతం దగ్గర ఆగారు, ఎవరు ఒత్తు దగ్గర ఆగారు, ఎవరు కథ చదివి అందులో ఏం జరిగిందో చెప్పగలుగుతున్నారు.

ఒత్తు దగ్గర అన్నాను కనుక, నా ఉద్యోగ జీవితంలో నన్ను ఎక్కువ కుంగదీసిన సంఘటన ఇక్కడే చెబుతాను. ఒకనాడు గజపతినగరంలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా బడిలో ఐదో తరగతి ముగించి ఆరో తరగతికి వెళ్లిన బాబు తన తాతతో అక్కడే ఉన్నాడు. బస్సు వచ్చింది. “ఏ ఊరి బస్సురా బాబూ?” అని అడిగాను. వాడు బోర్డు వైపు చూసి, పెదవులు కదుపుతూ “బొ... బి... లి” అన్నాడు. మధ్య అక్షరం కింద ఉన్న బ వత్తు వాడి కంటికి ఆనలేదు. ‘బొబిలి’ అనే ఊరు లేదని వాడికి తెలుసు, అందుకే సందేహంగా నా ముఖంలోకి చూశాడు. ఇంతలో కండక్టరు “బొబ్బిలి, బొబ్బిలి” అని అరిచాడు. వాడి ముఖం వెలిగిపోయింది, “బొబ్బిలి, మేస్టారూ” అన్నాడు. వాడు చదవలేదు, విన్నాడు. ఐదేళ్లు నా దగ్గర ఉన్నాడు. వాడు ఐదో తరగతి పూర్తిచేశాడని రాసిన రికార్డు షీటు మీద సంతకం నాది. ఆ ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు పిల్లల సంఖ్య చూశారు, గుడ్ల లెక్క చూశారు, గోడ మీది చార్టులు చూశారు. ఒక్క పిల్లనూ చదవమనలేదు. ఆయన చదివించలేదన్నది నిజమే, కానీ వాడికి ఒత్తులు రావని తెలుసుకోవలసిన మొదటి మనిషిని నేనే.

మరునాటి నుంచి మా బడిలో ఒక అలవాటు పెట్టాను. రోజూ మధ్యాహ్న భోజనం అయ్యాక, మూడో తరగతి నుంచి పైవాళ్లను ఒక్కొక్కరినీ నా కుర్చీ పక్కకు పిలిచి ఒక్క పేరా గట్టిగా చదివించడం. నలుగురైదుగురికి పది నిమిషాలు పట్టేది. అప్పుడు అర్థమైంది ఏమిటంటే, చాలామంది పిల్లలు ఆగిపోయేది బద్ధకం వల్ల కాదు. కొందరు ద్విత్వాక్షరం దగ్గర, కొందరు సంయుక్తాక్షరం దగ్గర, మరికొందరు తమ నోటి మాటకూ పుస్తకంలో మాటకూ ఉన్న తేడా దగ్గర ఆగుతున్నారు. ఇంట్లో ‘సెట్టు’ అనే పిల్లకు పుస్తకంలో ‘చెట్టు’ కనబడుతుంది. ఆ పిల్ల ‘సెట్టు’ అని చదివితే అది తప్పు చదవడం కాదు. అక్షరాన్ని గుర్తుపట్టి, అర్థం చేసుకుని, తన ఊరి నోటితో పలకడం. అది ఒప్పే. ముందు చదివినందుకు మెచ్చుకుని, తర్వాత రాతలో చ ఎలా వస్తుందో చూపిస్తే ఆ పిల్ల మళ్లీ నోరు విప్పుతుంది. మొదటి రోజే తప్పు అని ఇంటు కొడితే ఇక ఐదో తరగతి దాకా ఆ నోరు మూతబడే ఉంటుంది.

జనం మాట్లాడే భాషకు గౌరవం ఇమ్మని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టినవారు. ఆయన పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే వాచకాలు రాసి, బళ్లు పెట్టించారు. ఏటా ఆగస్టు 29న ఆయన చిత్రపటానికి దండ వేస్తున్నాం. ఆ రోజు ప్రతి బడిలో ఒక్క గంట, పిల్లల ఇంటి మాటలో కథ చెప్పించి దాన్నే బోర్డు మీద రాసి చదివిస్తే ఆయనకు ఎంత సంతోషంగా ఉండేదో.

ఇంగ్లీషు గురించి నన్ను తప్పక అడుగుతారు. ఇప్పుడు పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంది. ఇంగ్లీషు కావాలి, మన పిల్లలకు ఎందుకు వద్దు? కానీ ‘బొబ్బిలి’ చదవలేని బిడ్డ ఇంగ్లీషు పేజీని చదవడు, కంఠస్థం చేస్తాడు. తల్లికి ఆ రెండింటి తేడా వినపడదు, వాడు గడగడా అప్పజెబుతుంటే మురిసిపోతుంది. మొదటి మూడు తరగతుల్లో తెలుగు చదవడం గట్టిపడనివ్వండి, ఇంగ్లీషు మాట్లాడటం, వినడం దాని పక్కన నడవనివ్వండి.

ఒక్క ఉపాధ్యాయుడితో ఏదీ సాధ్యం కాదని నేను అనడం లేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, కార్డుల సాయంతో ఎవరి మెట్టు నుంచి వారు ముందుకు వెళ్లే పద్ధతిని పల్లె బడుల కోసం తయారుచేశారు. తరగతి గోడలు లేని చోట ఆ పద్ధతి పనిచేస్తుంది. కానీ దానికి సామగ్రి కావాలి, శిక్షణ కావాలి, ముఖ్యంగా ఉపాధ్యాయుడు రోజంతా బడిలో ఉండాలి. మన కమిటీలు చేయగలిగిన పెద్ద సాయం ఇక్కడే. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే. తీర్మానం రాసే అధికారం మీ చేతిలో ఉంది. బడి పనివేళల్లో మా ఉపాధ్యాయుణ్ణి సమావేశాలకు పిలవకండి, పిలిస్తే ఆ రోజుకు మరొకరిని పంపండి అని ఒక తీర్మానం చేసి మండల విద్యాశాఖాధికారికి ఇవ్వండి. ఒకసారి ఇస్తే పక్కన పెట్టవచ్చు. ఇరవై ఊళ్ల కమిటీలు ఒకే నెలలో ఇస్తే పక్కన పెట్టడం కష్టం.

మా ఊళ్లో ఈ వేసవిలో ఒక పని మొదలుపెట్టాం. డిగ్రీ చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు, ఒక అంగన్‌వాడీ టీచరు, నేను కలిసి ఊళ్లో ఐదు నుంచి పదేళ్ల లోపు పిల్లలందరి పేర్లూ ఒక నోటుబుక్కులో రాశాం. మన బడి, కాన్వెంటు అన్న తేడా పెట్టలేదు, ఇద్దరూ ఊరి పిల్లలే. ఒక్కొక్క పేరు ఎదుట ఐదు గళ్లు గీశాం: అక్షరం, గుణింతం, ఒత్తు, పేరా, కథ. తల్లి ఎదురుగానే చదివించి, వచ్చిన గడిలో తేదీ వేస్తున్నాం. రాని గడి ఖాళీగా ఉంటుంది, సున్నా పెట్టం. చదవడం రాని తల్లి కూడా ఆ పుస్తకం చూసి తన బిడ్డ ఎక్కడ ఆగిందో వేలితో చూపించగలుగుతోంది. కాన్వెంటుకు పంపే ఒక తల్లి తన కొడుకు వరుసలో మూడు గళ్లు ఖాళీగా ఉండటం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ తర్వాత వచ్చే మొదటి శనివారం మా బడి వరండాలో మళ్లీ పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తాం, కొత్త తేదీలు వేస్తాం. చూడదలచిన కమిటీ సభ్యులు రండి, నోటుబుక్కు చూపిస్తాం, కావాలంటే గళ్లు గీసిన కాగితం మీ ఊరికి పట్టుకెళ్లండి. మధ్యాహ్నం భోజనాలు అయ్యాకే రావాలని మనవి. పొద్దున్న పిల్లలకు పాఠం ఉంటుంది.